పదికి తొమ్మిదిగారికి

తొమ్మిదిగారూ, వీడియో గేము రివ్యూ చివర, ఓ పెట్టెలో, మిగతా అక్షరాలన్నిటికంటే పెద్దగా కూర్చునే మీకు అండమాన్‌లోని అబర్డీన్ బజార్ నుంచి ఈ స్తుతి. ఇక్కడ గంటస్తంభం దాటి కిందికి దిగే సందులో నాకో చిన్న కొట్టుంది. ఒకప్పుడది ఇంటర్నెట్ సెంటర్. ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తాను, అరిగిపోయిన గేము కంట్రోలర్లకు స్టిక్కులు మారుస్తాను, ఏ ఆట కొనాలని పిల్లలు అడిగితే చెబుతాను. అడిగేవాడి నోట ముందు మీ పేరే వస్తుంది. "అంకుల్, దానికి తొమ్మిది ఇచ్చేరు" అంటాడు. ఆ తర్వాత నేనేం చెప్పినా వాడి చెవికెక్కదు. మా అమ్మానాన్నల ఊరు కాని ఊళ్లో, సముద్రం నడిమధ్య దీవిలో, పదమూడేళ్ల పిల్లవాడి మీద ఇంత అధికారం ఉన్నవారు ఇంకొకరు లేరు. అందుకే మిమ్మల్ని పొగుడుతున్నాను.

పొగడ్తలో అబద్ధం కలపను. కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకంలో శ్రీకాకుళం స్వామితో ఇలాగే మాట్లాడాడు. (మా బజారు తెలుగువాళ్లలో చాలామంది తాతలు ఓడెక్కి వచ్చిన శ్రీకాకుళం ఒడిశా సరిహద్దు వైపు ఉన్నది. ఆ కవి దేవుడిది కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళం. పేరొకటే అయినా ఊళ్లు వేరు.) ఆయన స్వామికి కొత్తగా ఏమీ అంటగట్టలేదు. స్వామి చేసినవే స్వామికి గుర్తుచేశాడు. నేనూ అంతే చేస్తాను.

ముందు మీ వేగం. ఆట అమ్మకానికి రాకముందే మీరు వచ్చేస్తారు. రివ్యూ రాసేవారికి కంపెనీ ముందుగా ఒక ప్రతి ఇస్తుంది. ఫలానా రోజు ఫలానా గంట దాకా ఏమీ బయటపెట్టబోమని మాట తీసుకుంటుంది. ఆ గంట కొట్టగానే ప్రపంచమంతటా మీరు ఒక్కసారిగా కనిపిస్తారు. లక్షలమంది ఇంకా సర్వర్ల మీద పడని వారంలో, ఆటలోని దుకాణం ఇంకా తలుపు తీయని వారంలో ఆడిన ఆటను చూసి మీరు నిలబడతారు. పెళ్లిచూపుల్లో కనిపించిందే కాపురమంతా ఉంటుందని నమ్మే నిష్కల్మషమైన మనసు మీది.

2013 మార్చిలో సిమ్‌సిటీ వచ్చింది. ఒక్కడే కూర్చుని ఊరు కట్టుకోవాలన్నా దానికి నెట్ ఉండాల్సిందే. పాలిగాన్ అనే వెబ్ పత్రిక ముందుగానే తొమ్మిదిన్నర ఇచ్చింది. అమ్మకం మొదలైంది, సర్వర్లు పడిపోయాయి. డబ్బు పెట్టి కొన్నవాళ్లు తమ ఊరి పొలిమేరలోకి అడుగుపెట్టలేక వరసలో నిలబడ్డారు. పాలిగాన్ తన అంకెను ఎనిమిదికి దించింది, తర్వాత నాలుగుకి దించింది, చివరికి ఆరున్నర దగ్గర ఆగింది. తన తప్పును నలుగురిలో దిద్దుకున్న ఆ పత్రికంటే నాకు గౌరవం. కానీ అందరి అంకెలూ పోగేసి సగటు కట్టే మెటాక్రిటిక్ మొదట వచ్చిన అంకెనే పట్టుకుంటుంది. తర్వాత దిద్దినవి దాని ఖాతాలోకి ఎక్కవు. ఊరు మునిగినా చెరగని శిలాశాసనం లాంటివారు మీరు.

మీ ఓరిమిని తలుచుకుంటే నాకు గ్రాన్ టురిస్మో 7 గుర్తుకొస్తుంది. 2022 మార్చి 4న వచ్చిన ఆ కార్ల పందెం ఆటకు మెటాక్రిటిక్ సగటు 87. అర్హమైన అంకే. కారు అద్దం మీద వాన చినుకు జారే తీరు చూస్తే చేసినవాళ్ల చేతులకు దణ్ణం పెట్టబుద్ధవుతుంది. అయితే రివ్యూలు రాసిన రోజుల్లో నిజం డబ్బుతో ఆటలోని డబ్బు కొనుక్కునే దుకాణం ఇంకా తెరవలేదు. విడుదలయ్యాక తెరిచారు. ఆటలో అతి ఖరీదైన కార్లు 2 కోట్ల క్రెడిట్లు. దుకాణంలో 20 లక్షల క్రెడిట్ల మూట అమెరికాలో 20 డాలర్లు. లెక్క కట్టండి, తెర మీద తిరిగే ఒక్క కారుకు 200 డాలర్లు. రెండు వారాలు గడిచేలోగా ఒక అప్‌డేట్ వచ్చి కొన్ని పందేల్లో గెలుపు సొమ్ము తగ్గించింది. అదే అప్‌డేట్ పుణ్యమా అని సర్వర్లు 30 గంటలకు పైగా పడుకున్నాయి. సర్వర్ లేకపోతే ఆ ఆటలో చాలా భాగం తెరుచుకోదు, ఒంటరిగా ఆడుకునేదైనా సరే. ఆట తయారీకి పెద్దయిన కజునోరి యమౌచి క్షమాపణ చెప్పాడు. కొన్నవాళ్లకు పది లక్షల క్రెడిట్లు ఇచ్చారు. ఆటగాళ్లు మెటాక్రిటిక్‌లో తమ వైపు అంకెను పాతాళానికి తొక్కారు. ఇంత జరుగుతున్నా 87 కదల్లేదు. దాన్ని ఇచ్చినవాళ్లు చూసిన ఆట ఒకటి, కొన్నవాళ్లు ఆడిన ఆట ఇంకొకటి. రెండింటికీ ఒకే పేరు, రెండింటి మీదా మీరే.

ఇలాంటిదే ఇంకో పందెం ఆట, క్రాష్ టీమ్ రేసింగ్ నైట్రో ఫ్యూయెల్డ్. 2019 జూన్‌లో వచ్చింది. చిన్నపిల్లలు ఆడుకునే బొమ్మ కార్ల ఆట. రివ్యూలన్నీ అయిపోయాక, ఆగస్టులో, నిజం డబ్బుతో నాణేలు కొనే ఏర్పాటు అందులోకి వచ్చి చేరింది. మీరు వచ్చివెళ్లిన తర్వాతే ఆ అంగడి పెట్టారు. మీ కంటబడకుండా పెట్టారని అనను. మీరు మళ్లీ రారని వాళ్లకు తెలుసు, అంతవరకే అంటాను.

ఇక ది క్రూ. 2014 డిసెంబర్ 2న యూబీసాఫ్ట్ తెచ్చింది. అమెరికా దేశాన్నంతా కుదించి, ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా కారు నడుపుకోమంది. ఎంత గొప్ప ఊహ! మా దీవిలో గంట నడిపితే రోడ్డు అయిపోయి సముద్రం వస్తుంది. దారి తరగని ఆట ఇక్కడి పిల్లవాడికి ఎలా కనిపిస్తుందో మెయిన్‌ల్యాండ్ వాళ్లకు చెప్పినా అర్థం కాదు. ఒక్కడివే నడిపినా సర్వర్‌కు కట్టేసి ఉంచిన ఆట అది. 2023 డిసెంబర్‌లో అమ్మకం ఆపారు. 2024 మార్చి 31న సర్వర్లు మూసేశారు. అంతే, డబ్బిచ్చి కొన్నవాడి ఇంట్లో డిస్కు ఉంది, ఆట లేదు. ఆ తర్వాత కొన్నవాళ్ల ఖాతాల్లోంచి లైసెన్సులు కూడా తీసేశారు. ఈ ఒక్క సంగతి మీదే రాస్ స్కాట్ అనే అతను 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' అనే ఉద్యమం మొదలుపెట్టాడు. అది ఐరోపా సమాఖ్యలో పౌరుల వినతిగా మారి 2025 జులైలో పది లక్షల సంతకాలు దాటింది. సంతకాలు పెట్టినవాళ్లు అడిగింది పెద్దదేమీ కాదు. అమ్మిన ఆటను మూసేటప్పుడు, ఆడుకోగలిగిన స్థితిలో వదిలివెళ్లమన్నారు.

ది క్రూకి వచ్చినవి తొమ్మిదులు కావు, మీ తమ్ముళ్లు ఆరూ ఏడూ. వాళ్లూ మీ వంశమే. ఆట పోయింది, అంకె మిగిలింది. కాటికి చేరినవాడి పెళ్లి ఫోటోలాగా ఆ రివ్యూ పేజీలో ఇప్పటికీ ఉంది. గతించినవారిని మరువని మీ విశ్వాసానికి చేతులెత్తి మొక్కుతున్నాను. కానీ ఆ రోజే ఒక్క వాక్యం, 'సర్వర్ ఆగితే ఈ ఆట ఆగుతుంది' అన్న వాక్యం, మీ పక్కన మీ అంత పెద్ద అక్షరాల్లో రాసి ఉంటే పదేళ్ల తర్వాత ఆ పది లక్షల సంతకాలతో పనేముంది?

మీ వ్యాపకం ఎక్కడెక్కడ జరుగుతుందో కూడా నాకు తెలుసు. మంచి కంప్యూటరు, బల్లకు బిగించిన స్టీరింగు, పాదాల దగ్గర మూడు పెడళ్లు, సెకనుకు వందల్లో ఫ్రేములు చూపించే మానిటరు. స్టీరింగులో మోటారు ఉంటుంది. టైరు జారితే చేతికి తెలుస్తుంది, గుంత తగిలితే మణికట్టు అదురుతుంది. పందెం ఆటలకు రాసే వాక్యాల్లో అందమైనవన్నీ ఆ మోటారులోంచి వచ్చినవే. నా ఇంటర్నెట్ సెంటర్లో పిల్లలు 2005 నాటి నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్‌ను బాణం మీటలతో ఆడేవారు. బాణం మీటకు రెండే మాటలు తెలుసు: పూర్తిగా ఎడమ, లేదా అసలు లేదు. సగం మలుపు అన్నది లేదు. మలుపులో మీటను టకటకా తట్టి తట్టి, దాన్ని స్టీరింగుగా మార్చుకునేవారు మా పిల్లలు. ఒక రేసింగ్ ఆట బాణం మీటలతో ఎలా నడుస్తుంది, ఫోను వంచి నడిపితే ఎలా ఉంటుంది, వేలితో తెర మీద నొక్కితే ఎలా ఉంటుంది అని చెప్పే రివ్యూ కోసం నేను ఇరవై ఏళ్లుగా వెతుకుతున్నాను. లోకంలో ఎక్కువమంది ఆడేది అలాగే. తొమ్మిదిగారూ, మీరు ఎప్పుడూ మోటారు ఉన్న చేతినే పట్టుకుని నడిచారు.

సైబర్‌పంక్ 2077 సంగతీ ఇదే. 2020 డిసెంబర్ 10న విడుదల. ముందుగా రివ్యూకి ఇచ్చింది కంప్యూటరు ప్రతి మాత్రమే. పాత ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ ప్రతులు ఇవ్వలేదు. మీరు గుంపులు గుంపులుగా తరలివచ్చారు. వారం తిరక్కుండా పాత కన్సోళ్ల మీద ఆట ఎంత అధ్వానంగా నడుస్తుందో లోకమంతా చూసింది. డిసెంబర్ 17న సోనీ తన దుకాణంలోంచి దాన్ని తీసేసి, డబ్బు వెనక్కిస్తానంది. తిరిగి పెట్టింది 2021 జూన్‌లో. అబర్డీన్ బజార్‌లో అప్పుడు కొత్త కన్సోలు ఎవరింట్లో ఉంది? చెన్నైలోనో కోల్‌కతాలోనో వాడి అమ్మేసిన పాతవి ఓడ మీదో విమానం మీదో వచ్చేవి. మీరు చూసిన యంత్రం వేరు, మా యంత్రం వేరు అన్న ముక్క మీరు ఎక్కడా దాచలేదు. రివ్యూ అడుగున చిన్నక్షరాల్లో 'కంప్యూటరుపై ఆడి చూశాం' అని ఉంటుంది. మా పిల్లలు మిమ్మల్ని చూసిన కళ్లతో దాన్ని చూడలేదు.

మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. 2019 సంక్రాంతికి వచ్చిన డబ్బులన్నీ కూడబెట్టి మా మేనల్లుడు ఒక కార్ల ఆట తెప్పించుకున్నాడు. ఆట పేరు, కంపెనీ పేరు చెప్పను. డబ్బా అందంగా ఉంది, దాని మీద మీ బొమ్మ ఉంది. తెరిచి చూస్తే లోపల డిస్కు లేదు, కోడు అచ్చేసిన కాగితం ఉంది. ఆ కోడు కొట్టి అరవై జీబీ దించుకోవాలి. అప్పటికి మా దీవులకు నెట్ అంటే ఉపగ్రహం మీదుగా వచ్చేదే. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున నిలకడగా వస్తే అరవై జీబీకి ఐదున్నర రోజులు. నిలకడగా రావడమన్నది మా అనుభవంలో లేదు. మధ్యలో కరెంటు పోయేది. మా కరెంటు చాలావరకు డీజిల్ జనరేటర్లదే. వాడు రాత్రి లేచి శాతం ఎంతయిందో చూసి పడుకునేవాడు. వారం తర్వాత నా దగ్గరికి వచ్చి, "మావయ్యా, పదకొండు శాతం దగ్గర ఆగిపోయింది" అన్నాడు. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

చివరికి విశాఖలో ఉన్న వాడి పెదనాన్న కొడుకు ఆ ఖాతాతో అక్కడ దించుకుని, హార్డ్ డిస్కులోకి ఎక్కించి, ఓడ ఉన్న రోజు చూసుకుని ఎవరో తెలిసినవాళ్ల చేతికిచ్చి పంపాడు. విశాఖ నుంచి ఓడ దాదాపు మూడు రోజులు. ఓడే గెలిచింది. చుట్టాలు పంపిన పూతరేకుల డబ్బా, ఎండు చేపల మూట, వాటి మధ్య బట్టలో చుట్టిన హార్డ్ డిస్కు. ఆ డబ్బా మీది తొమ్మిదిగారూ, ఆ ఆట బరువెంతో మీరు ఒక్క అక్షరం చెప్పి ఉంటే వాడు ఆ డబ్బుతో ఇంకేదైనా కొనుక్కునేవాడు. మీకు బరువులు పట్టవు. గాలిలాంటివారు మీరు, ఎక్కడికైనా క్షణంలో చేరతారు. మీ వెంట రావలసిన ఆటే చేరదు.

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చింది. దాదాపు 2,300 కిలోమీటర్లు, 1,224 కోట్ల రూపాయలు. మాకూ, హేవ్‌లాక్‌కూ, లిటిల్ అండమాన్‌కూ, కార్ నికోబార్‌కూ, గ్రేట్ నికోబార్ దాకా వెలుగు తెచ్చింది. ఆ రోజుల్లో నా కొట్టు ముందు పిల్లలు పండగ చేసుకున్నారు. అది నిజంగా పండగే, నేనూ మిఠాయి పంచాను. కానీ కేబుల్ వచ్చేసరికి పెద్ద పెద్ద ఆటలు వంద జీబీ దాటేశాయి, ప్రతి నెలా అప్‌డేట్లు జీబీల్లో వస్తున్నాయి, ఫోను డేటా ఏ రోజుకారోజు తీరిపోతూనే ఉంది. 2024లో పోర్ట్ బ్లెయిర్ అన్న మా ఊరి పేరు కూడా శ్రీవిజయపురం అని మారింది. రివ్యూలో ఆట పరిమాణం మాత్రం ఇంకా చివరి పట్టికలోనే ఉంది, ఉంటే.

పిన్‌బాల్ దగ్గరికొచ్చేసరికి నా గొంతు కొంచెం మెత్తబడుతుంది. అది చిన్న ఆట, మీరు తొందరగా దాటేసే ఆట. వాలుబల్ల మీద ఇనుప గుండు, కింద రెండు రెక్కలు, గుండు పడిపోకుండా కొట్టాలి. ఆ రెక్కల్ని ఫ్లిప్పర్లంటారు. 1947లో గాట్లీబ్ వారి హంప్టీ డంప్టీ బల్లతో మొదటిసారి వచ్చాయి. అంతకుముందు గుండు తన దారిన తాను పడేది. అందుకే అది జూదమని న్యూయార్క్ నగరం 1942లో నిషేధించింది. ఆ నిషేధం ఎలా పోయిందో మీకు తెలియాలి. 1976 ఏప్రిల్‌లో రోజర్ షార్ప్ అనే పత్రికా రచయిత నగర మండలి ముందుకు వెళ్లాడు. రెండు బల్లలు తెచ్చి పెట్టారు. ముందు అనుకున్న బల్ల కాదు, రెండోదాని మీద ఆడు అన్నారు మండలివాళ్లు. అది అతనికి అంతగా అలవాటు లేని బల్ల. ఆడాడు. చివరికి ప్లంజరు పట్టుకుని, ఇప్పుడు ఈ గుండు పైనున్న ఫలానా మధ్య దారిలోంచి దిగుతుంది అని చేత్తో చూపించి, లాగి వదిలాడు. గుండు అక్కడినుంచే దిగింది. నిషేధం పోయింది. అందులో అదృష్టం కూడా ఉందని తర్వాత తనే ఒప్పుకున్నాడు.

ఆటను సమీక్షించడమంటే నాకు తెలిసింది అదే. అలవాటు లేని బల్ల దగ్గర, నలుగురూ చూస్తుండగా, ముందే చెప్పి కొట్టడం. అంకె ఇవ్వలేదు షార్ప్. ఆటకు బతుకు ఇచ్చాడు. అందులో తన అదృష్టం ఎంతో అదీ చెప్పాడు.

కంప్యూటరు పిన్‌బాల్‌లో మా బజారు మొత్తం ఆడింది ఒక్కటే, విండోస్‌లో ఉచితంగా వచ్చిన స్పేస్ క్యాడెట్. 1995 నాటి ఆట, ఎక్స్‌పీ దాకా నిలిచింది. విస్టా వచ్చేసరికి 64 బిట్‌లోకి మార్చడంలో గుండు బల్లలోంచి దూరిపోయే తప్పు పడిందనీ, దాని మూలం పట్టుకోలేక ఆటను తీసేశామనీ మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన రేమండ్ చెన్ రాశాడు. నెట్ పడిపోయిన గంటల్లో, అవే ఎక్కువ గంటలు, నా సెంటర్‌ను బతికించింది అది. నెట్ అక్కర్లేదు, ఖాతా అక్కర్లేదు, కరెంటు వస్తే చాలు. ఓడలో మూడు రోజులు నిద్రలేక వచ్చిన వాళ్లూ, ఆసుపత్రి పని మీద కార్ నికోబార్ నుంచి వచ్చి పొద్దు గడవని వాళ్లూ కూడా ఆ గుండుతో ఓ గంట గడిపి వెళ్లేవారు. మా దగ్గర దాని మంచి చెడ్డా ఎవరూ లెక్కపెట్టలేదు, అందుకే మీ అవసరం రాలేదు.

ఇప్పటి పిన్‌బాల్ ఆటలకు మీరు వస్తారు. గుండు మెరుపు, బల్ల మీద బొమ్మలు, శబ్దాలు, అన్నీ మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసినవే. కానీ పిన్‌బాల్‌లో ప్రాణం ఎక్కడుందో కొట్లో నిలబడి చూస్తాను కనుక చెప్పగలను. మీట నొక్కిన క్షణానికీ, తెర మీద రెక్క లేచిన క్షణానికీ మధ్య ఉన్న ఎడం అది. మన ఇళ్లలోని టీవీలు బొమ్మను అందంగా దిద్ది చూపించడానికి సెకనులో పదో వంతు కూడా ఆలస్యం చేస్తాయి. కార్లాటలో అది తెలియకపోవచ్చు, పిన్‌బాల్‌లో ఆ పదో వంతులో గుండు కాలవలో పడిపోతుంది. టీవీలో 'గేమ్ మోడ్' అని ఒకటుంటుంది, అది పెడితే ఆలస్యం తగ్గుతుంది. ఈ మాట నేను కొట్టుకు వచ్చిన ప్రతి పిల్లవాడికీ చెబుతాను. చాలామంది 'ఆట బాగోలేదు, రెక్క కదలట్లేదు' అని కంట్రోలరు బాగుచేయడానికి తెస్తారు. కంట్రోలరుకు ఏ జబ్బూ లేదు. మీ తొమ్మిదిని నమ్మి, తప్పు తమ చేతిదే అనుకుంటారు.

పిన్‌బాల్ ఆర్కేడ్ అని ఒకటి ఉంది. పాత విలియమ్స్, బాలీ బల్లల్ని అచ్చుగుద్దినట్టు తెర మీదికి తెచ్చిన ఆట. 2018 జూన్ 30తో ఆ బల్లల హక్కు తీరిపోయింది, అమ్మకం ఆగింది. ముందు కొన్నవాళ్లకు మిగిలాయి, కొత్తవాళ్లకు లేవు. ఆ బల్లల్ని మెచ్చిన రివ్యూలు ఇప్పటికీ చదువుకోవచ్చు.

వర్చువల్ రియాలిటీ (వీఆర్) ఆటల దగ్గర మీరు మరీ దయాళువులు. తలకు పెట్టె కట్టుకుని కారులో కూర్చుంటే నిజంగా కూర్చున్నట్టే ఉంటుందని రాస్తారు. నిజమే. నేనూ ఒకసారి పెట్టుకుని చూశాను. అద్దంలోంచి వెనక్కి చూడడానికి మెడ తిప్పినప్పుడు ఒళ్లు జలదరించింది. తర్వాత నాలుగు నిమిషాలకు కడుపులో తిప్పింది. ఈ దీవికి ఓడలో వచ్చినవాళ్లకు ఆ జబ్బు కొత్త కాదు. ఓడ గదిలో కళ్లు గోడ కదలట్లేదంటాయి. లోచెవిలోని అర్ధవృత్తాకార నాళాలు ఒళ్లు ఊగుతోందంటాయి. రెండింటి పేచీకి కడుపు శిక్ష అనుభవిస్తుంది. హెడ్‌సెట్‌లో అదే పేచీ తిరగబడుతుంది: కళ్లు రెండొందల వేగంతో మలుపు తిరిగామంటాయి, చెవి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నావంటుంది. ఫ్రేములు తడబడితే, చూపు మన తల మీద కాక స్టిక్కు మీద తిరిగితే, ఇంకా ఎక్కువవుతుంది. కొన్నాళ్లు ఆడితే చాలామంది తలకు అలవాటవుతుంది. రివ్యూ రాసేవాళ్ల తలలు అలవాటు పడినవి. 'హాయిగా ఉంది' అని వాళ్లు రాసే మాట, ఇరవై ఏళ్లు నీళ్ల మీదున్న ఖలాసీని సముద్రం ఎలా ఉందని అడిగితే వచ్చే మాట. వాళ్లు అబద్ధమాడరు, వాళ్ల కడుపు నిజంగానే కదల్లేదు. మొదటిసారి ఓడెక్కిన ముసలమ్మకు ఎలా ఉంటుందో ఖలాసీ చెప్పలేడు.

చోటు సంగతి కూడా ఉంది. గదిలో కదులుతూ ఆడే వీఆర్ ఆటలకు రెండు మీటర్లకు రెండు మీటర్ల ఖాళీ నేల కావాలంటారు. అబర్డీన్ బజార్‌లో కొట్ల పైనున్న గదుల్లో మంచం, బీరువా, గ్యాసు పొయ్యి పోగా అంత నేల ఎవరికి ఉంది? ఒకడు గోడకు గుద్ది వేళ్ల ఎముక విరగ్గొట్టుకుని వచ్చాడు, కంట్రోలరు నాకిచ్చి చెయ్యి ఆసుపత్రికి చూపించుకున్నాడు. ఖాతా సంగతి ఇంకోటి: 2020లో వచ్చిన క్వెస్ట్ 2 హెడ్‌సెట్ వాడాలంటే ఫేస్‌బుక్ ఖాతా తప్పనిసరి, 2022 ఆగస్టు దాకా. ఎకో వీఆర్ అనే ఆట ఉండేది. బరువులేని శూన్యంలో ఈదుతూ పళ్లెం విసురుకునే ఆట, ఎంతోమంది ముచ్చటపడిన ఆట. 2023 ఆగస్టు 1న సర్వర్లు మూశారు. ఆకాశంలో తేలే ఆట నేలకే దిగకుండా మాయమైంది. దానికి వచ్చిన మంచి అంకెల్ని చూసి హెడ్‌సెట్ కొన్నవాళ్లు, దాన్ని ఉంచుకుని ఏం చేస్తారు?

ఇక మీ బలం. 2010 నాటి ఫాల్‌అవుట్ న్యూ వేగస్‌ను అబ్సిడియన్ అనే చిన్న సంస్థ చేసింది. మెటాక్రిటిక్‌లో 85 వస్తే బోనస్ అన్న ఒప్పందం ఉందనీ, 84 వచ్చిందనీ ఆ సంస్థలోని క్రిస్ అవెలోన్ 2012లో చెప్పాడు. ఒక్క పాయింటు. ఎన్నో ఏళ్లు ఆడుకునే ఆటను తయారుచేసినవాళ్ల ఇంటి వెచ్చాలను తూచిన ఒక్క పాయింటు. మీ తమ్ముడు ఆరు ఇంకోచోట ఇంకో పని చేశాడు. 2007లో గేమ్‌స్పాట్‌లో జెఫ్ గెర్స్ట్‌మన్ కేన్ అండ్ లించ్ ఆటకు ఆరు ఇచ్చాడు. ఆ సైటు గోడల నిండా అదే ఆట ప్రకటనలు. అతని ఉద్యోగం పోయింది. కారణం ఇదేనని 2012లో అతనే చెప్పాడు. అంతటి శక్తి మీది. అన్నం పెడతారు, అన్నం తీస్తారు. ఇంత శక్తి ఉండి కూడా 'దీని బరువు అరవై జీబీ' అన్న చిన్న మాట దగ్గర ఎందుకు నోరు పెగలదో నాకు ఇప్పటికీ బోధపడదు.

రివ్యూలు రాసే తెలుగు పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు, యూట్యూబులో. వాళ్లంటే నాకు అభిమానం. కొత్త ఆట రాత్రంతా ఆడి, తెల్లారేసరికి తెలుగులో చెప్పేస్తారు. వాళ్లను ఒక్కటే అడుగుతాను. ఆటను రెండో నెలలో ఇంకోసారి తెరవండి. ఒకసారి నెట్ తీసేసి నడపండి. మధ్యలో ప్లగ్గు పీకండి, ఆట ఎక్కడ సేవ్ అయిందో చూడండి. హాల్లో అమ్మ సీరియల్ చూసే టీవీకి తగిలించి చూడండి. బాణం మీటలతో ఒక మలుపు తిరగండి. ఎప్పుడూ హెడ్‌సెట్ పెట్టుకోని మీ పిన్నికి పెట్టి, ఎన్ని నిమిషాలకు తీసేయమందో చెప్పండి. ఆ తర్వాత అంకె ఇస్తే ఇవ్వండి.

నా కొట్లో గోడ మీద అట్టముక్క ఒకటి కట్టాను. కొత్త ఆట పేరు రాసి, దాని పక్కన ఎన్ని జీబీ, నెట్ లేకుండా నడుస్తుందా, లోపల దుకాణం ఉందా, పాత ఫోను మీద ఎలా ఉంది అని పిల్లలే స్కెచ్ పెన్నుతో రాస్తారు. రాసే వాళ్లలో ఎక్కువ రాసేది మా మేనల్లుడే. వాడికిప్పుడు మీసాలొస్తున్నాయి. మీ కోసం వరసలో చివర ఒక గడి ఖాళీగా వదిలారు. అందులో ఇంతవరకూ ఎవరూ ఏమీ వేయలేదు.

తొమ్మిదిగారూ, ఒకసారి మా ఊరు రండి. విమానంలో వద్దు. విశాఖలో ఓడెక్కండి, బంక్ క్లాసులో, మూడు రోజులు. వస్తూ వస్తూ ఆటను హార్డ్ డిస్కులో తెచ్చుకోండి.